డిస్క్‌పార్ట్: పొలం అక్కడే ఉంటుంది, మారేది పహాణీ

2024 జనవరిలో విండోస్ 10 వాడే చాలామందికి ఒకే అప్‌డేట్ మళ్లీ మళ్లీ వచ్చింది, వచ్చిన ప్రతిసారీ ఆగిపోయింది. దాని పేరు కేబీ5034441, తెర మీద కనిపించే ఎర్రర్ 0ఎక్స్80070643. సీ డ్రైవ్‌లో వంద జీబీ ఖాళీ ఉన్నవాళ్లకీ అదే తంతు. ఎందుకంటే ఇబ్బంది సీ డ్రైవ్‌లో లేదు. విండోస్ చెడితే బాగుచేసే సరంజామా దాచే ఒక విడి భాగం డిస్కులో ఉంటుంది, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించదు. దాన్ని రికవరీ పార్టిషన్ అంటారు, ఆ అప్‌డేట్‌కు అందులో 250 ఎంబీ ఖాళీ కావాలి. చాలా కంప్యూటర్లలో ఆ పార్టిషన్ మొత్తం సైజే ఐదొందల ఎంబీ దరిదాపుల్లో ఉంటుంది, అదీ దాదాపు నిండిపోయి. సీ డ్రైవ్‌ను కాస్త కుదించి, రికవరీ పార్టిషన్‌ను తీసేసి, పెద్దదిగా మళ్లీ కట్టుకోవాలని మైక్రోసాఫ్ట్ సూచించింది. అందుకు చూపించిన సాధనం డిస్క్‌పార్ట్. నల్ల తెర మీద అక్షరాలు టైపు చేసి డిస్కును విడగొట్టే పని అప్పటివరకూ ఎన్నడూ చేయనివాళ్లు కూడా చేయాల్సి వచ్చింది.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మద్దతు ముగిసింది. పాత కంప్యూటర్‌ను విండోస్ 11కు మార్చబోయిన వాళ్లలో కొందరికి ఇంకో గోడ ఎదురైంది: ఎంచుకున్న డిస్కులో ఎంబీఆర్ పట్టిక ఉంది, జీపీటీ డిస్కు మీదే ఇన్‌స్టాల్ చేయగలం అని సెటప్ చెబుతుంది. డిస్కు భాగాల పట్టిక రాసే పాత పద్ధతి ఎంబీఆర్, కొత్తది జీపీటీ. పరిష్కారం వెతికితే డిస్క్‌పార్ట్‌లో "క్లీన్" కమాండ్ కొట్టమనే సలహా సులువుగా దొరుకుతుంది. అది నిజంగానే పనిచేస్తుంది. పనిచేశాక పాత ఫొటోలు, టాలీ లెక్కలు, అన్నీ పోతాయి.

ఈ రెండు చిక్కుల మూలం ఒకటే. డిస్కు మీద ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసి ఉండే ఒక చిన్న పట్టిక, దాన్ని దిద్దే ఒక సాధనం. ఈ రెండూ ఎలా పనిచేస్తాయో తెలిస్తే మిగతావన్నీ వాటంతట అవే విడిపోతాయి. ఇక్కడ కమాండ్లను చదువుకోవడానికి వీలుగా తెలుగులో ఇస్తున్నాం, టైపు చేసేది మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే.

డిస్క్, పార్టిషన్, ఫైల్ సిస్టమ్: మూడూ వేర్వేరు

మాటల్లో ఈ మూడింటినీ కలిపేసి "డ్రైవ్" అంటాం. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

డిస్క్ అంటే చేత్తో పట్టుకోగలిగే వస్తువు: హార్డ్ డిస్క్, ఎస్ఎస్‌డీ, పెన్ డ్రైవ్. కంప్యూటర్‌కు అది సెక్టార్ల వరస మాత్రమే, 0 నుంచి చివరి వరకూ నంబర్లు వేసిన గళ్లు. ఒక్కో గడిలో మామూలుగా 512 బైట్లు పడతాయి.

పార్టిషన్ అంటే ఆ వరసలో "ఫలానా నంబర్ నుంచి ఫలానా నంబర్ దాకా ఒక భాగం" అని పట్టికలో రాసుకున్న ఒక పద్దు. డిస్కు మీద గోడ ఏమీ లేవదు. ఊళ్లో పొలాల సంగతి తీసుకోండి. ఏ సర్వే నంబర్ విస్తీర్ణం ఎంతో, ఎవరి పేరున ఉందో తెలంగాణలో పహాణీ చెబుతుంది, ఆంధ్రలో అడంగల్ చెబుతుంది. రికార్డులో ఒక పద్దు కొట్టేస్తే పొలంలో పైరు ఎండిపోదు. కానీ ఆ భూమి ఖాళీ అని రాసి ఇంకొకరికి పట్టా ఇస్తే, కొత్తవాళ్లు దున్నేసిన రోజున పైరు పోతుంది. పార్టిషన్ తొలగింపు అచ్చంగా ఇలాంటిదే.

ఫైల్ సిస్టమ్ అంటే ఆ భాగం లోపల ఫైళ్లను పెట్టి, పేర్లు రాసి, మళ్లీ వెతికి తీసే ఏర్పాటు. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఫ్యాట్32, లినక్స్‌లో ఎక్స్‌ట్4 వగైరాలు ఈ కోవలోవి. "ఫార్మాట్" అంటే పార్టిషన్ లోపల కొత్త ఫైల్ సిస్టమ్ వేయడం. సీ, డీ అనే అక్షరాలు వీటన్నిటికీ పైన విండోస్ తగిలించే బోర్డులు. బోర్డు తీసేస్తే భాగం కనిపించకుండా పోతుంది తప్ప లోపల ఉన్నవి ఎక్కడికీ పోవు. రికవరీ పార్టిషన్ ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించకపోవడానికి కారణం ఇదే.

మరి సైజు మార్చాలంటే పార్టిషన్ హద్దు ఒకటే జరిపితే చాలదు, లోపలి ఫైల్ సిస్టమ్ కూడా దానికి తగ్గట్టు మారాలి. డిస్క్‌పార్ట్‌లో "ష్రింక్", "ఎక్స్‌టెండ్" కమాండ్లు ఎన్‌టీఎఫ్‌ఎస్ విషయంలో రెండు పనులూ కలిపి చేస్తాయి. లినక్స్‌లో అవి విడివిడి పనులు, వరస తప్పకూడదు. పెంచేటప్పుడు ముందు పార్టిషన్, తర్వాత ఫైల్ సిస్టమ్. తగ్గించేటప్పుడు ముందు ఫైల్ సిస్టమ్, తర్వాత పార్టిషన్. ఇది తిరగేస్తే ఫైల్ సిస్టమ్ తన చివరి భాగం ఫలానా చోట ఉందనుకుంటుంది, పార్టిషన్ మాత్రం అంతకు ముందే ముగిసిపోయి ఉంటుంది. అప్పుడు దాన్ని మౌంట్ చేయబోతే, అంటే వాడకానికి తెరవబోతే, లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ ఒప్పుకోదు.

ఎంబీఆర్‌లో 64 బైట్లు, జీపీటీలో 34 సెక్టార్లు

ఎంబీఆర్ 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చింది. డిస్కు మొట్టమొదటి సెక్టారే దాని చోటు. ఆ 512 బైట్లలో 446 కంప్యూటర్‌ను మొదలుపెట్టే బూట్ కోడ్‌కు, చివరి 2 గుర్తుకు పోగా, పార్టిషన్ పట్టికకు మిగిలేది 64 బైట్లు. ఒక్కో పద్దుకు 16 బైట్ల చొప్పున నాలుగే పద్దులు పడతాయి. "నాలుగు ప్రైమరీ పార్టిషన్లే" అన్న నియమం పుట్టింది ఇక్కడే. అయిదోది కావాలంటే ఒక పద్దును ఎక్స్‌టెండెడ్ అని రాసి, దాని లోపల లాజికల్ భాగాలను ఒకదాని వెనక ఒకటి గొలుసులా కట్టాలి.

ఎంబీఆర్‌కు ఇంకో హద్దు కూడా ఉంది. ప్రతి పద్దులోనూ మొదలు, పొడవు చెప్పే సంఖ్యలకు చెరి 32 బిట్లే ఉంటాయి. 2 పవర్ 32ను 512తో గుణిస్తే విండోస్ లెక్కలో సరిగ్గా 2,048 జీబీ. అందుకే 4 టీబీ డిస్కును ఎంబీఆర్‌గా మొదలుపెడితే 2,048 జీబీ వాడుకోవడానికి వస్తుంది, మిగతా 1,678 జీబీ "అన్‌అలొకేటెడ్" అని కనిపిస్తూ ఉంటుంది, దేనికీ పనికిరాదు. చాలామంది డిస్కు పాడైందనుకుంటారు. డిస్కు బాగానే ఉంటుంది, ఆ పెద్ద సంఖ్య రాయడానికి పట్టికలో చోటు లేదంతే.

కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కన్నా ముందు నడిచే పాత బయోస్‌కు బదులుగా ఇంటెల్ 1990ల చివర్లో మొదలుపెట్టిన ఈఎఫ్‌ఐతో పాటు జీపీటీ వచ్చింది. ఇందులో 0వ సెక్టార్‌లో ఒక కాపలా ఎంబీఆర్ ఉంటుంది. "ఈ డిస్కంతా వేరేవాళ్లది" అని పాత సాధనాలకు చెప్పడమే దాని పని. అది లేకపోతే పాత సాధనం డిస్కు ఖాళీగా ఉందనుకుని చెరిపేయవచ్చు. 1వ సెక్టార్‌లో హెడర్, 2 నుంచి 33 వరకూ 128 పద్దులు ఉంటాయి. మొత్తం 34 సెక్టార్లు. డిస్కు చివర్లో ఇంకో 33 సెక్టార్లలో వీటి నకలు ఉంటుంది. పట్టిక చెడిపోయిందో లేదో తేల్చుకోవడానికి చెక్‌సమ్ కూడా ఉంది. ఎంబీఆర్‌కు నకలూ లేదు, చెక్‌సమ్మూ లేదు. ఈ ఒక్క కారణానికైనా చిన్న డిస్కుకు కూడా జీపీటీనే మేలు.

ఎంబీఆర్‌కు చోటు పూర్తిగా పోలేదు. యూఈఎఫ్‌ఐ (ఈఎఫ్‌ఐకి నేటి రూపం) లేని పాత యంత్రంలో విండోస్ బూట్ అవ్వాలంటే అదే కావాలి. కొన్ని టీవీలు, కారు స్టీరియోలు జీపీటీ పెన్ డ్రైవ్‌ను గుర్తించవు. వాటికి ఎంబీఆర్, ఫ్యాట్32 జోడీయే దిక్కు.

300 అని కొడితే 300 ఎంబీయే

డిస్కు తయారీదారుల లెక్కలో 1 జీబీ అంటే వంద కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో 1 జీబీ అంటే 1,07,37,41,824 బైట్లు. అందుకే పెట్టె మీద 1 టీబీ అని ఉన్నది డిస్క్‌పార్ట్‌లో 931 జీబీగా, 512 జీబీ ఎస్ఎస్‌డీ 476గా, 16 జీబీ పెన్ డ్రైవ్ 14గా కనిపిస్తాయి. దుకాణంవాళ్లు తక్కువ ఇచ్చారనుకోనక్కర్లేదు.

డిస్క్‌పార్ట్‌లో "సైజ్=" తర్వాత రాసే అంకె ఎంబీల్లో ఉంటుంది. 300 జీబీ కావాలంటే 300ను 1,024తో గుణించి, కామాలు లేకుండా 307200 అని ఇవ్వాలి. 300 అని కొట్టేవాళ్లకు 300 ఎంబీల బుల్లి పార్టిషన్ తయారవుతుంది.

నక్షత్రం గుర్తు ఎక్కడుందో చూడటమే అసలు పని

డిస్క్‌పార్ట్‌ను అడ్మినిస్ట్రేటర్ హక్కులతో తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో నడుపుతారు. "లిస్ట్ డిస్క్" కొడితే ఇలాంటి పట్టిక వస్తుంది:

డిస్క్ 0 — ఆన్‌లైన్ — 476 జీబీ — ఖాళీ 1024 కేబీ — జీపీటీ కింద *
డిస్క్ 1 — ఆన్‌లైన్ — 931 జీబీ — ఖాళీ 0 బీ
డిస్క్ 2 — ఆన్‌లైన్ — 14 జీబీ — ఖాళీ 0 బీ

కుడివైపు నక్షత్రం ఆ డిస్కులో ఉన్నది జీపీటీ అని చెబుతుంది. ఇక్కడ డిస్క్ 1, డిస్క్ 2లకు అది లేదు కాబట్టి అవి ఎంబీఆర్. ఇప్పుడు "సెలెక్ట్ డిస్క్ 2" కొట్టి మళ్లీ "లిస్ట్ డిస్క్" అడిగితే, డిస్క్ 2 వరసకు ఎడమవైపు ఇంకో నక్షత్రం పడుతుంది. ఇకపై ఇచ్చే కమాండ్లన్నీ ఈ డిస్కుకే వర్తిస్తాయని దాని అర్థం. డిస్క్‌పార్ట్ భాషలో దీన్ని ఫోకస్ అంటారు. ఈ రెండు నక్షత్రాలనూ ఒకటనుకున్నవాళ్లు తప్పు డిస్కు మీద పని చేస్తారు.

ఫోకస్‌తో ఇంకో చిక్కుంది. "సెలెక్ట్ వాల్యూమ్" కొట్టి ఒక వాల్యూమ్‌ను, అంటే సీ, డీ లాంటి ఒక భాగాన్ని, ఎంచుకుంటే, అది ఉన్న డిస్కు మీదకు ఫోకస్ దానంతట అదే జరిగిపోతుంది. ముందు డిస్క్ 2 ఎంచుకున్నాం కదా అనే ధీమాతో తర్వాత "క్లీన్" కొడితే, తుడిచేసేది డిస్క్ 2ను కాకపోవచ్చు.

నంబర్లు కూడా స్థిరం కావు. విండోస్‌లో డిస్క్ 1గా ఉన్నది, ఇన్‌స్టలేషన్ పెన్ డ్రైవ్‌తో బూట్ చేసినప్పుడు డిస్క్ 0 కావచ్చు. ఏదో వీడియోలో "సెలెక్ట్ డిస్క్ 1" అన్నారని యథాతథంగా కొడితే, వాళ్ల డిస్క్ 1 పెన్ డ్రైవ్, మనది పెళ్లి ఫొటోలున్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. సైజు ఒక ఆనవాలు. రెండు డిస్కుల సైజూ ఒకటే అయితే "డీటెయిల్ డిస్క్" అసలు సంగతి చెబుతుంది: మోడల్ పేరు, ఏ దారిలో తగిలించి ఉందో (యూఎస్‌బీ, సాటా, ఎన్‌వీఎంఈ), దాని మీద ఉన్న వాల్యూమ్‌ల పేర్లు. మోడల్ పేరు కంటితో చదవకుండా "క్లీన్" కొట్టడం కళ్లకు గంతలు కట్టుకుని కత్తి తిప్పడమే.

లినక్స్‌లో ఇదే పని చేసే ఎఫ్‌డిస్క్ అలవాటున్నవాళ్లు ఇక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎఫ్‌డిస్క్‌లో చేసే మార్పులన్నీ మెమరీలోనే ఉంటాయి, చివర్లో "డబ్ల్యూ" అక్షరం కొట్టేవరకూ డిస్కు మీదకు ఒక్క బైటు కూడా వెళ్లదు. "క్యూ" కొడితే ఏమీ జరగనట్టే బయటికి రావచ్చు. డిస్క్‌పార్ట్ అలా కాదు, లినక్స్‌లోని పార్టెడ్ లాగే ఎంటర్ నొక్కిన క్షణానే రాసేస్తుంది. "నిజంగా చెరిపేయాలా" అని అడగదు, అన్‌డూ లేదు.

ఒక రక్షణ మాత్రం ఉంది. నడుస్తున్న విండోస్ ఉన్న డిస్కును "క్లీన్" చేయబోతే, ఇది బూట్ వాల్యూమ్ ఉన్న డిస్కు, కుదరదు అంటుంది. కానీ ఇన్‌స్టలేషన్ పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి షిఫ్ట్, ఎఫ్10 నొక్కి తెరిచిన ప్రాంప్ట్‌లో ఈ రక్షణ పనిచేయదు. అక్కడ నడుస్తున్నది పెన్ డ్రైవ్ నుంచి వచ్చిన విండోస్. లోపలి డిస్కు దాని దృష్టిలో మామూలు డిస్కే.

కొత్త 1 టీబీ డిస్కును రెండుగా చేస్తే

వరస ఇది: "సెలెక్ట్ డిస్క్ 1", "క్లీన్", "కన్వర్ట్ జీపీటీ", "క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ సైజ్=307200", "ఫార్మాట్ ఎఫ్‌ఎస్=ఎన్‌టీఎఫ్‌ఎస్ క్విక్", "అసైన్ లెటర్=ఈ". తర్వాత సైజ్ ఇవ్వకుండా మళ్లీ "క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ", ఫార్మాట్, అసైన్.

"క్లీన్" పట్టికను తుడిచేస్తుంది, మధ్యలోని డేటాను ముట్టుకోదు. అందుకే రెండు క్షణాల్లో అయిపోతుంది. "క్లీన్ ఆల్" వేరే సంగతి. అది ప్రతి సెక్టార్‌లోనూ సున్నాలు రాస్తుంది. సెకనుకు 150 ఎంబీ రాసే 1 టీబీ హార్డ్ డిస్కుకు దాదాపు 1 గంట 50 నిమిషాలు పడుతుంది. పాత డిస్కును అమ్మేసేముందు అది అర్థమున్న పని, కొత్త డిస్కుకు శుద్ధ దండగ.

"కన్వర్ట్ జీపీటీ" ఖాళీ డిస్కు మీదే పనిచేస్తుంది, అందుకే దానికి ముందు "క్లీన్". ఆ కమాండ్ చెప్పకుండానే 16 ఎంబీల రిజర్వ్‌డ్ పార్టిషన్ ఒకటి పెడుతుంది. తర్వాత "లిస్ట్ పార్టిషన్"లో అడగని భాగం కనిపించిందని కంగారు పడేది అందుకే. లెక్క ఇలా తేలుతుంది: మొత్తం 9,53,869 ఎంబీ, అందులో 16 పోయి, 3,07,200 పోయి, రెండో భాగానికి సుమారు 6,46,650 ఎంబీ, అంటే 631 జీబీ.

నేటి విండోస్ కట్టే డేటా భాగాలు 1 ఎంబీ హద్దుల మీద, అంటే 2,048 సెక్టార్ల గుణిజాల దగ్గర మొదలవుతాయి. విండోస్ ఎక్స్‌పీ కాలంలో మొదటి భాగం 63వ సెక్టార్ దగ్గర మొదలయ్యేది. నేటి డిస్కులు చాలావరకు లోపల 4,096 బైట్ల పెద్ద గళ్లతో పనిచేస్తాయి, అంటే ఎనిమిది సెక్టార్లు ఒక పెద్ద గడి. 63ను 8తో భాగిస్తే నిశ్శేషంగా పోదు. అప్పుడు చాలా చిన్న రాతలు రెండు పెద్ద గళ్లను తాకుతాయి, వేగం పడిపోతుంది. 2,048 చక్కగా భాగించబడుతుంది. ఎక్స్‌పీ నాటి పార్టిషన్‌ను ఉన్నదున్నట్టు కొత్త ఎస్ఎస్‌డీకి క్లోన్ చేస్తే నెమ్మదిగా నడవడానికి ఇదీ ఒక కారణం.

ఖాళీ 300 జీబీ, కుదిరేది 120: ఎందుకు?

సీ డ్రైవ్‌లో 300 జీబీ ఖాళీ ఉందనుకుందాం. "ష్రింక్ క్వెరీమ్యాక్స్" అడిగితే 120 జీబీ మాత్రమే తగ్గించవచ్చని చెప్పవచ్చు. ఖాళీ ఎంతుందన్నది కాదు లెక్క. చివరి నుంచి వెనక్కి వస్తే కదలని ఫైల్ మొదట ఎక్కడ తగిలిందన్నదే లెక్క. ష్రింక్ మామూలు ఫైళ్లను ముందుకు జరుపుతుంది. పేజ్ ఫైల్ (మెమరీ చాలనప్పుడు వాడేది), హైబర్నేషన్ ఫైల్ (కంప్యూటర్‌ను నిద్రపుచ్చేటప్పుడు మెమరీని దాచేది), సిస్టమ్ రిస్టోర్ దాచిన నకళ్లు, ఎన్‌టీఎఫ్‌ఎస్ సొంత పట్టికలో కొన్ని ముక్కలు, వీటిని విండోస్ నడుస్తుండగా జరపలేదు. అడ్డుపడింది ఏదో ఊహించక్కర్లేదు. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ కింద 259 నంబర్ ఈవెంట్ ఆ ఫైల్ పేరు చెబుతుంది.

హైబర్నేషన్ ఫైల్ అయితే "పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్"తో తీసేయవచ్చు. పేజ్ ఫైల్‌ను తాత్కాలికంగా ఆపి రీస్టార్ట్ చేస్తే చోటు వదులుతుంది. రెండిటినీ కుదింపు అయ్యాక మళ్లీ పెట్టుకోవాలి.

పెంచడంలో నియమం ఇంకా కఠినం. "ఎక్స్‌టెండ్" పని చేయాలంటే ఖాళీ చోటు ఆ పార్టిషన్ వెంటనే, కుడిపక్కనే ఉండాలి. డీ డ్రైవ్ తీసేసి ఆ జాగా సీకి కలుపుదామనుకుంటే, రెండిటి మధ్యా రికవరీ పార్టిషన్ కూర్చుని ఉంటుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో "ఎక్స్‌టెండ్" మీట బూడిద రంగులో నొక్కుడుపడకుండా ఉండేది ఇందుకే. మధ్యలో వేరేవాళ్ల చెక్క ఉండగా రెండు చెక్కలు కలిపి దున్నలేం.

రికవరీ పార్టిషన్ కథలో ఒక్కో అడుగు ఎందుకు?

ఇప్పుడు 2024 నాటి చిక్కు తేలిగ్గా అర్థమవుతుంది. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన వరసలో ఒక్క అడుగు దాటేసినా చెడుతుంది.

మొదటిది "రీఏజెంట్‌సీ /ఇన్ఫో". రీఏజెంట్‌సీ అనేది రికవరీ ఏర్పాటును చూసుకునే విండోస్ కమాండ్. రికవరీ ఏ డిస్కులో ఏ నంబర్ పార్టిషన్‌లో ఉందో చెబుతుంది. తర్వాత "రీఏజెంట్‌సీ /డిసేబుల్". ఇది ఆపేయడమే కాదు, రికవరీ ఇమేజ్ ఫైల్‌ను ఆ పార్టిషన్ నుంచి సీ డ్రైవ్‌లోకి తెచ్చి పెడుతుంది. ఈ అడుగు వదిలేసి పార్టిషన్ తీసేస్తే ఇమేజ్ కూడా దాంతోనే పోతుంది, చివర్లో "/ఎనేబుల్" కొట్టినా పెట్టడానికి ఏమీ ఉండదు.

తర్వాత డిస్క్‌పార్ట్‌లో సీ పార్టిషన్‌ను ఎంచుకుని "ష్రింక్ డిజైర్డ్=250 మినిమమ్=250". రికవరీ పార్టిషన్‌ను ఎంచుకుని "డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్". ఓవర్‌రైడ్ లేకపోతే ఇది రక్షిత పార్టిషన్ అంటూ డిస్క్‌పార్ట్ తిరస్కరిస్తుంది. ఆ మాట జోడించడం అంటే ఆ తాళం మనమే తీయడం, కాబట్టి నంబర్ రెండుసార్లు సరిచూసుకోవాల్సిన చోటు ఇదే. అదే డిస్కులో ఉండే 100 ఎంబీ సిస్టమ్ పార్టిషన్‌ను పొరపాటున తీసేస్తే కంప్యూటర్ ఇక బూట్ అవదు.

250 ఎంబీల కొత్త ఖాళీ, తీసేసిన రికవరీ జాగా, రెండూ పక్కపక్కనే కాబట్టి ఒక్కటైపోతాయి. అక్కడ కొత్త పార్టిషన్ కట్టేటప్పుడు ఒక రకం కోడ్ ఇవ్వాలి. ఎంబీఆర్ డిస్కులో అది "ఐడీ=27". జీపీటీలో 32 అక్షరాల పొడవైన కోడ్. దాన్ని చేత్తో టైపు చేయడం కన్నా మైక్రోసాఫ్ట్ పేజీ నుంచి కాపీ చేసుకోవడమే క్షేమం. జీపీటీలో "జీపీటీ యాట్రిబ్యూట్స్=0ఎక్స్8000000000000001" అని కూడా ఇస్తారు. మొదటి 8 "దీనికి డ్రైవ్ అక్షరం తగిలించొద్దు" అని, చివరి 1 "ఇది యంత్రానికి అవసరమైన భాగం" అని చెబుతాయి. ఈ అడుగు మరిచిపోతే రికవరీ పార్టిషన్‌కూ ఒక అక్షరం వచ్చి ఎక్స్‌ప్లోరర్‌లో కొత్త డ్రైవ్‌లా కనిపించవచ్చు. ఫార్మాట్ చేసి బయటికి వచ్చి "రీఏజెంట్‌సీ /ఎనేబుల్" అంటే ఇమేజ్ కొత్త చోటికి చేరుతుంది.

పాత ఇన్‌స్టలేషన్లలో రికవరీ పార్టిషన్ సీకి ముందు, డిస్కు మొదట్లో ఉంటుంది. అక్కడ 250 ఎంబీల లెక్క సరిపోదు. సీ వెనక ఏర్పడే ఖాళీకి ఆ పాత జాగా కలవదు. అలాంటి డిస్కులో సీని ఒక 1,000 ఎంబీ దాకా కుదించి, వెనక పూర్తిగా కొత్తది కట్టాలి. పాతది అక్కడే వదిలేసినా నష్టం అరజీబీయే.

డేటా పోకుండా ఎంబీఆర్ నుంచి జీపీటీకి

"కన్వర్ట్ జీపీటీ" ఖాళీ డిస్కు కోరుతుంది కాబట్టి "క్లీన్" సలహా పుట్టింది. 2017లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1703 నుంచి ఎంబీఆర్2జీపీటీ అనే వేరే సాధనం విండోస్‌లోనే ఉంది. అది డేటాను కదపకుండా పట్టికను మాత్రం మారుస్తుంది. ముందు "ఎంబీఆర్2జీపీటీ /వ్యాలిడేట్ /డిస్క్:0 /అలౌఫుల్‌ఓఎస్". ఇది ఏదీ మార్చదు, సాధ్యమో కాదో చెబుతుంది. సాధ్యమైతే "/వ్యాలిడేట్" స్థానంలో "/కన్వర్ట్".

కుదరదని చెప్పే సందర్భాలు తరచూ ఇవే: నాలుగు ప్రైమరీ పార్టిషన్లు ఉండటం (మూడుకు మించకూడదు, కొత్త సిస్టమ్ పార్టిషన్‌కు చోటు కావాలి), ఎక్స్‌టెండెడ్, లాజికల్ భాగాలు ఉండటం. పాత అసెంబుల్డ్ కంప్యూటర్లలో డీ, ఈ, ఎఫ్ అని మూడు నాలుగు డ్రైవ్‌లు చేసి ఇచ్చిన అలవాటు వల్ల రెండోది మనవైపు మరీ ఎక్కువ. అలాంటప్పుడు ఆ లాజికల్ భాగాల్లోని డేటాను వేరే డిస్కుకు తీసి, వాటిని తొలగించాకే మార్పు సాధ్యం.

డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే ముందు దాన్ని సస్పెండ్ చేయాలి, రికవరీ కీ చేతిలో ఉండాలి. మార్పు అయ్యాక బయోస్ సెట్టింగ్స్‌లో లెగసీ నుంచి యూఈఎఫ్‌ఐకి మార్చకపోతే కంప్యూటర్ బూట్ అవదు. డిస్కు కొత్త పద్ధతిలోకి వెళ్లింది, యంత్రం ఇంకా పాత పద్ధతిలో వెతుకుతోంది. డేటా పోయిందనుకుని ఇక్కడ కంగారుపడి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లు, క్షేమంగా ఉన్నదాన్ని తామే పోగొట్టుకుంటారు.

సీ ఒక్కటే చాలా, సీ డీ రెండూ ఉండాలా?

సికింద్రాబాద్ సీటీసీలో కంప్యూటర్ కట్టించుకున్నా, వైజాగ్‌లో ల్యాప్‌టాప్ కొన్నా ఈ ప్రశ్న వస్తుంది. విడగొట్టాలనే వాళ్ల వాదనలో బలం ఉంది. విండోస్ చెడితే సీని మాత్రమే ఫార్మాట్ చేసి మళ్లీ వేసుకోవచ్చు, డీలో ఫైళ్లు అలాగే ఉంటాయి. సిస్టమ్ ఇమేజ్ బ్యాకప్ చిన్నదిగా ఉంటుంది. రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు కావాలంటే వేరే భాగం తప్పదు.

వద్దనే వాళ్ల వాదనా తక్కువది కాదు. సీకి 100 జీబీ ఇచ్చి మిగతాదంతా డీకి పెడితే, రెండేళ్లలో అప్‌డేట్లు, వాట్సాప్ ఫైళ్లు, డౌన్‌లోడ్లతో సీ ఎర్రబారుతుంది. పక్కన డీలో 300 జీబీ ఖాళీ ఉన్నా పనికిరాదు. డీలో ఉన్నవి భద్రం అనే నమ్మకం మరీ ప్రమాదం. రెండూ ఒకే ఎస్ఎస్‌డీ మీదివి, చిప్ పోతే రెండూ పోతాయి. పార్టిషన్ ఎప్పుడూ బ్యాకప్ కాదు. హార్డ్ డిస్క్ కాలంలో మొదటి భాగం వేగంగా ఉంటుందనే మాటలో నిజం ఉండేది, పళ్లెం బయటి అంచు మీద సెకనుకు ఎక్కువ డేటా తిరుగుతుంది కాబట్టి. ఎస్ఎస్‌డీలో ఆ తేడా లేదు. పార్టిషన్లు ఎన్ని చేసినా రాతలన్నిటినీ కంట్రోలర్ చిప్పులన్నిటికీ పంచుతుంది, కాబట్టి ఒక భాగం త్వరగా అరిగిపోతుందనే భయమూ అక్కర్లేదు.

512 జీబీ కన్నా తక్కువ ఉన్న ఒక్క ఎస్ఎస్‌డీ అయితే విడగొట్టకపోవడమే నయం. 1 టీబీ, ఆ పైన ఉంటే, సీకి కనీసం 250 జీబీ వదిలి విడగొట్టుకోవడంలో తప్పేమీ లేదు.

తప్పు డిస్కును "క్లీన్" చేశాక

పట్టిక పోయింది, డేటా చాలావరకు అక్కడే ఉంది. జీపీటీ డిస్కులో "క్లీన్" రెండు చివరలా ఉన్న పట్టికలను తుడుస్తుంది కాబట్టి నకలు ఆదుకోదు. కానీ ప్రతి ఎన్‌టీఎఫ్‌ఎస్ భాగం మొదట్లో దాని సైజు చెప్పే బూట్ సెక్టార్ ఉంటుంది, దాని నకలు ఆ భాగం చిట్టచివరి సెక్టార్‌లో ఉంటుంది. టెస్ట్‌డిస్క్ లాంటి ఉచిత సాధనాలు డిస్కంతా వెతికి ఈ గుర్తులను పట్టుకుని, పాత హద్దులను లెక్కగట్టి పట్టికను తిరిగి రాయగలవు.

అది కుదరాలంటే "క్లీన్" తర్వాత దాని మీద ఇంకేమీ రాయకుండా ఉండాలి. మళ్లీ ప్లగ్ చేసినప్పుడు ఇనిషియలైజ్ చేయమని, ఫార్మాట్ చేయమని విండోస్ అడుగుతుంది. ఒప్పుకుంటే కొత్త పట్టిక, కొత్త ఫైల్ సిస్టమ్ పాతదాని మీద పడతాయి. హార్డ్ డిస్కులో క్విక్ ఫార్మాట్ తర్వాత కూడా ఎంతో కొంత దొరకవచ్చు. ఎస్ఎస్‌డీలో ఫార్మాట్ చేసినప్పుడు విండోస్ "ఈ గళ్లన్నీ ఇక అవసరం లేదు" అని ట్రిమ్ అనే కబురు పంపుతుంది, కంట్రోలర్ వాటిని నిజంగానే చెరిపేస్తుంది, ఆ తర్వాత ఏ సాధనానికీ ఏమీ మిగలదు. అందుకే డేటా రికవరీ చేసేవాళ్లు ముందు ఆ డిస్కుకు సెక్టార్ సెక్టార్‌గా ఇంకో డిస్కు మీద కాపీ తీసుకుంటారు. వెతుకులాట, దిద్దుబాటు అన్నీ ఆ కాపీ మీదే చేస్తారు, అసలు డిస్కును పక్కన పెట్టేస్తారు.